వార్తయా? వినోదమా?

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు ఒక న్యాయవాది చేసిన యుపన్యాస పాఠము)



మీ గ్రంథాలయ వార్షికోత్సవమున వార్తలను గూర్చియు, వానివలన రాజ్యవ్యవహారములకు గలుగుచున్న మేలుకీడులను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని నన్ను నియోగించినందులకు కృతజ్ఞుడను. నేను పత్రికారచయితను గాను. న్యాయస్థానములలో వాదించి జీవనము గడపుకొనువాడను; తీరిక చిక్కినప్పుడు ప్రజల పనులలో స్వచ్ఛంద సేవకుడనై తిరుగువాడను. కాని సాక్షులను ప్రశ్నించుట నా వృత్తి. బోనులో నిలిచి యెవ్వరేమి చెప్పినను, "ఇది నీవు స్వయముగ జూచినదా, వినినదా? దీనివలన నీకు వచ్చు లాభమేమి?" అని యడుగక మేము విడువము. మన యిండ్లలోనికి ప్రతి సాయంకాలమును వచ్చి కూర్చుండి మాటలాడు సాక్షి యొకడు గలడు. వానిని మాత్రము ఈ ప్రశ్నలు ఎవ్వరును అడుగుట లేదు. ఆ సాక్షి టెలివిజను వార్త.

పూర్వము మన గ్రామములలో చాటింపు వేయువాడు వేఱు, భాగవతము లాడువారు వేఱు. తప్పెట మ్రోగినంతనే జనులు వీధిలోనికి వచ్చి, శిస్తు గట్టు గడువెప్పుడో, చెఱువుకట్ట కెక్కడ గండి పడినదో, ఏ పేటలో మశూచి పొడసూపినదో విని, వెనువెంటనే తమతమ పనులకు బూనుకొనెడివారు. భాగవతుల మేళము వచ్చిన రాత్రియన్ననో, తెల్లవాఱుదాక సత్యభామ యలుకలు చూచి యానందించి, ఇండ్లకు బోయి నిద్రించెడివారు. చాటింపు తరువాత పని. ఆట తరువాత నిద్ర. గ్రామమునకు రెండును గావలసినవే; ఆటను నేను నిందింపను. కాని చాటింపువాడే కాళ్లకు గజ్జె గట్టి, గండి పడిన కట్టమీదనే ఆడ మొదలిడినచో జరుగునదేమి? జనులు చుట్టును మూగి చూచెదరు. పారయు తట్టయు తెచ్చువాడుండడు. నేటి మన స్థితి యిదియే. వార్తను చూడ నేర్చితిమి. విని పనిచేయ మఱచితిమి. ప్రజలు ప్రేక్షకులైన చోట ప్రభుత్వమును పాత్రధారి యగును. ఇది యూహ గాదు. జరిగిన సంగతులతోనే నిరూపించెదను.

2006వ సంవత్సరము జూలై మాసమున హర్యానా రాష్ట్రములోని కురుక్షేత్ర జిల్లాలో ఒక కుగ్రామమున, ఐదేండ్లు నిండీ నిండని బాలుడు మూతలేని బోరుబావిలో బడినాడు. దాని లోతు సుమారు 60 అడుగులు. దాదాపు 50 గంటలసేపు దేశములోని వార్తాఛానళ్లు తక్కిన ప్రపంచమును మఱచి ఆ బిలమునే చూపినవి. ఎఱుగని బిడ్డకొఱకు ఎక్కడెక్కడివారో ప్రార్థనలు చేసిరి. తుదకు సైనికులు ప్రక్కనుండి సొరంగము త్రవ్వి బాలుని సజీవముగ వెలికి దీసిరి. ఆ బిడ్డ బ్రతికినందులకు సంతసింపనివాడు మనుష్యుడు గాడు. ఆ సైనికుల నేర్పు స్తుతిపాత్రము. కాని ఆ 50 గంటలలో దేశమునకు దెలియవలసిన సంగతి మఱియొకటి గలదు. ఆ బోరునకు మూత యేల లేదు? మూత వేయింపవలసిన బాధ్యత యెవ్వరిది? అట్టి బోర్లు దేశములో నింకెన్ని గలవు? ఈ ప్రశ్నలు ఆ కోలాహలమున మునిగిపోయినవి. బిడ్డ పైకి వచ్చినాడు, కెమెరాలు వెడలిపోయినవి, తక్కిన బోర్లు తెఱచిన నోళ్లతో అట్లే నిలిచినవి.

ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు సర్వోన్నత న్యాయస్థానము పూనుకొనవలసి వచ్చెను. 2010 ఫిబ్రవరి 11వ తేదీన ఆ న్యాయస్థానము దేశమంతటికిని వర్తించు నియమములను విధించి, ఆ యేటనే ఆగస్టులో వానిని సవరించినది. బోరు వేయుటకు 15 దినములు ముందుగ అధికారులకు దెలుపవలెను. బోరు యంత్రముల యజమానులు తమ సంస్థలను నమోదు చేయించుకొనవలెను. పని జరుగు చోట పేరు, చిరునామా గల ఫలకము నిలిపి ముండ్లతీగ కంచె గట్టవలెను. గొట్టముచుట్టును సిమెంటు దిమ్మె గట్టి, పైని ఇనుప రేకును అతుకుటయో, బోల్టులతో గట్టి మూతను బిగించుటయో చేయవలెను. విడిచిపెట్టిన బోరును అడుగునుండి నేలమట్టమువఱకు మన్ను, ఇసుక, రాళ్లతో పూడ్చవలెను. జిల్లాలో నెన్ని బోర్లు గలవో, ఎన్ని పనిచేయుచున్నవో, ఎన్ని విడువబడినవో కలెక్టరుకడ గ్రామములవారీగ లెక్క యుండవలెను. చూచితిరి గదా! ఇందు వీరకార్య మేదియు లేదు. ఒక ఇనుప రేకు, నాలుగు బోల్టులు, కొంచెము సిమెంటు, బండెడు మన్ను, ఒక లెక్కల పుస్తకము. బిడ్డల ప్రాణములు నిలుపున వివియే.

మన ప్రాంతమున నీ విషయమై చట్టము లేకపోలేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై 2002లోనే, అనగా కురుక్షేత్రపు సంగతికి నాలుగేండ్లు ముందుగనే, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వాల్టా చట్టము వచ్చినది. బావికి అనుమతి, బోరు యంత్రమునకు నమోదు అందలి విధులే. అయినను 2017 జూన్ నెలలో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలమున పదునెనిమిది నెలల బాలిక బోరుబావిలో బడి మరణించినది. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలమున, అప్పుడే త్రవ్వి నీరుపడక విడిచిన బోరులో మూడేండ్ల బాలుడు బడి మరణించినాడు. నడుమ 2019 అక్టోబరులో తమిళనాడు తిరుచిరాపల్లి జిల్లాలో రెండేండ్ల శిశువు నాలుగు దినముల ప్రయత్నము పిమ్మట శవమై వచ్చినది. ప్రతిసారియు యంత్రములు వచ్చినవి, దీపములు వెలిగినవి, నాయకులు వచ్చిరి, కెమెరాలు వచ్చినవి. రానిది మూత యొక్కటియే. ఏలయన, మూత బిగించు దృశ్యమునకు ప్రేక్షకులు లేరు.

ఇక్కడ మీరొక సూక్ష్మమును గమనింపవలెను. అధికారి గాని, మంత్రి గాని దుర్మార్గుడని నేననుట లేదు. ఆయన లెక్క సామాన్యమైన లెక్క. సంవత్సరమంతయు తన జిల్లాలోని పాడుబోర్లను పూడ్పించినచో ఆయన పేరు ఏ వార్తలోను వినరాదు. ఏలయన, పడని బిడ్డ వార్త గాదు. ఒక బిడ్డ పడిన పిమ్మట బోరు నోటికడ రెండు రాత్రులు మేలుకొని నిలిచినచో, ఆయన దయార్ద్రహృదయమును దేశమంతయు గొనియాడును. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుట తెలివిమాలిన పనియని మన పెద్దలు నవ్విరి. ఆ త్రవ్వుటయే పరిపాలనాదక్షతగ గణింపబడు కాలమున మన ముంటిమి. వార్త దేనిని మెచ్చునో పరిపాలనము దానినే యలవఱచుకొనును.

బోరులో బడిన బిడ్డను చూచితిమి. ఆ బోరు నీటినే త్రావి, పండ్లు గారపట్టి, కీళ్లు బిగిసి, వెన్ను వంగిన బిడ్డలను ఎన్ని గంటలు చూచితిమి? నీటిలో ఫ్లోరైడు మితిమీరుటచే ఎముకలకు వచ్చు వ్యాధి మన దేశమున మొదట గుర్తింపబడినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలోనే. పిమ్మట నల్లగొండ జిల్లా దీనికి పెట్టినది పేరైనది. పటికయు సున్నమును గలిపి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని 1970 తరువాతి దశకమున నాగపురములోని జాతీయ పరిశోధనాసంస్థ కనిపెట్టగా, దానికి "నల్లగొండ పద్ధతి" యనియే లోకమున పేరు వచ్చినది. వ్యాధి తెలియును, కారణము తెలియును, ఉపాయమును దెలియును. కాని ఈ వ్యాధి మనుష్యుని 50 గంటలలో చంపదు. ముప్పదియేండ్లు నెమ్మదిగ వంచును. ముప్పదియేండ్ల దృశ్యమును ఏ ఛానలు చూపగలదు?

ఈ నిశ్శబ్దమును ఛేదింపవలెనని ఆ జిల్లా ప్రజలు 1996 లోకసభ యెన్నికలలో ఒక విచిత్రమైన యుపాయము పన్నిరి. జలసాధన సమితి పిలుపునందుకొని వందలాది సామాన్యులు నామపత్రములు దాఖలు చేసిరి. నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్టు పత్రము పుస్తకమంత యగుటచే పోలింగునే వాయిదా వేయవలసి వచ్చెను. దేశము నాడు నల్లగొండవైపు తలద్రిప్పి చూచినది. తమ బాధను చెప్పుకొన్నంతకాలము వినని లోకము, తాము వేషము గట్టినపుడు వినినది. బాధితుడే నటుడు గావలసివచ్చుట కంటె సిగ్గుచేటు సంగతి ప్రజాస్వామ్యమున మఱియొకటి గలదా?

తరువాతి కథ మఱింత యాలోచింపదగినది. ఆ యెన్నికలలో నల్లగొండయందును, కర్ణాటకములోని బెళగావియందును వందలకొలది అభ్యర్థులు నిలిచిన యనుభవమును జూచి, ఆ సంవత్సరముననే పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టమును సవరించినది. లోకసభ యభ్యర్థి చెల్లింపవలసిన డిపాజిట్టు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకును, షెడ్యూల్డు కులముల, తెగల యభ్యర్థులకు 250 నుండి 5,000 రూపాయలకును పెరిగినది. ఎన్నికలు సజావుగ జరుగుటకు అట్టి నియమము కావలసియుండవచ్చును. దానిని నేను తప్పుపట్టను. కాని వరుసను గమనింపుడు. బ్యాలెట్టు పత్రము పొడవు అదేయేట శాసనమును గదల్చినది. నీటిలోని విషమో? కృష్ణాజలమును ఆ పల్లెలకు జేర్చుట యేండ్లతరబడి సాగిన పని. ఇంటింటికి నదీజలము నందించు మిషన్ భగీరథ ప్రారంభమైనది 2016లో. దృశ్యమునకు మందు నెలలలో వచ్చినది. రోగమునకు మందు దశాబ్దములు పట్టినది. నేటికిని 480 అను సంఖ్య పోటీపరీక్షల ప్రశ్నగ పెక్కుమందికి గుర్తున్నది. అది యేల వచ్చినదో చెప్పగలవారు అరుదు.

ఇట్లేల జరుగుచున్నది? ఛానళ్లవారందఱు చెడ్డవారని చెప్పి చేతులు దులుపుకొనరాదు. వారి జీవనాధారమును పరిశీలింపవలెను. వార్తాఛానలునకు ముఖ్యమైన రాబడి ప్రకటనలవలన వచ్చును. ప్రకటనల వెల ప్రేక్షకుల సంఖ్యనుబట్టి యుండును. ఆ సంఖ్యను కొలుచుటకు 2020 నాటికి దేశములో సుమారు 44 వేల యిండ్లలో మాత్రము మీటరు లుండెను. టెలివిజనుగల యిండ్లో, దాదాపు 20 కోట్లు. ఆ కొద్ది యిండ్లలో నెవ్వరే నిమిషమున ఛానలు మార్చిరో అదియే వారమువారము ఛానలు యోగ్యతను నిర్ణయించు పరీక్ష. 2020 అక్టోబరులో ఈ కొలతలలో మోసములు జరిగినవను నారోపణలు రాగా, కొలుచు సంస్థయే వార్తాఛానళ్ల లెక్కలను ప్రకటించుట మానివేసి, 2022 మార్చిలో మరల నారంభించినది. ఆ యారోపణల నిజానిజములు నాకిక్కడ ప్రస్తుతములు గావు. కొలత నిజాయితీగ జరిగినను, అది కొలుచునది చూపు నిలిచిన కాలమునేగాని, చూచినవానికి గలిగిన తెలివిడిని గాదు.

ఒక విలేఖరిని నల్లగొండ పల్లెలకు బంపి నెలదినములుంచి నీటి లెక్క తెప్పించుటకు డబ్బు కావలెను. నలుగురిని ఒక గదిలో గూర్చుండబెట్టి యఱపించుటకు అంత యక్కఱలేదు. కావున కోడిపందెములు ప్రబలినవి. దీనినిబట్టి రాజకీయ పక్షములును తమ ప్రతినిధులను విషయజ్ఞానమును జూచి గాక గొంతు బలమును జూచి పంప నారంభించినవి. శాసనసభ్యుడు పద్దుల చర్చలో మంచినీటి కేటాయింపును గూర్చి గంటసేపు శ్రద్ధగ మాటలాడినచో ఆ మాట సభాభవనము దాటదు. కాగితములు చించి గాలిలో నెగురవేసినచో రాత్రికి రాష్ట్రమంతయు చూచును. తెలివిగల యువకుడు రాజకీయములలో బ్రవేశించి ఈ రెంటిలో దేనిని నేర్చుకొనును? చేతిలోని ఫోను వచ్చిన పిమ్మట ఆ గంట ఉపన్యాసము అఱనిమిషపు ముక్కయైనది. అఱనిమిషమున తిట్టు ఇముడును గాని పద్దు ఇముడదు.

న్యాయవాదిగ నాకు మిక్కిలి భయము గొలుపు విషయ మొకటి చెప్పెదను. 2007లో ఢిల్లీలో ఒక ఉపాధ్యాయురాలు తన విద్యార్థినులను దుర్వృత్తికి ద్రోయుచున్నదని ఒక ఛానలు రహస్య కెమెరా దృశ్యములను ప్రసారము చేసినది. జనులు పాఠశాలమీద బడి ఆమెను గొట్టి, బట్టలు చింపిరి. ఆమెను ఉద్యోగమునుండి తొలగించిరి, పోలీసులు నిర్బంధించిరి. పిమ్మట దర్యాప్తులో ఆ దృశ్యములు కల్పితములని తేలినది. ప్రభుత్వము ఆ ఛానలును ఒక నెల నిలిపివేసినది. ఒక నెల! ఆ స్త్రీ పోగొట్టుకొన్నదానికి వాయిదా యెక్కడ, అప్పీలెక్కడ? ఇందు మన విషయమునకు ముఖ్యమైనది ఛానలు చేసిన మోసము మాత్రమే గాదు. దృశ్యమును జూచి జనులెట్లు తొందరపడిరో, అధికారులును అట్లే తొందరపడిరి. సాక్ష్యమును పరీక్షింపవలసిన ప్రభుత్వమే ప్రేక్షకుడై చప్పట్లకు లోబడినది. 2008 నవంబరులో ముంబయిపై ముష్కరుల దాడి జరిగినపుడు భద్రతాదళముల కదలికలను ఛానళ్లు ప్రత్యక్ష ప్రసారము చేయగా, సరిహద్దుకవతల నుండి దాడి నడిపించువారు వానిని జూచుచుండిరి. 2012లో సర్వోన్నత న్యాయస్థానము తన తీర్పులో ఈ ప్రసారములను తీవ్రముగ గర్హించినది. సైనికుని ప్రాణమును ప్రేక్షకుని కుతూహలమునకు బలిపెట్టవచ్చునా?

ఇక్కడ మీలో నొకరు లేచి యడుగవచ్చును: "అయ్యా, హృదయము కరుగనిదే జనులు కదలుదురా? ఎండిన లెక్కలు చదివి యెవ్వరు కదలిరి? దృశ్యము లేకున్న బోరుబిడ్డ సంగతి న్యాయస్థానమునకైన దెలియునా?" ఇది మంచి ప్రశ్న. దీనికి బంగాళ దుర్భిక్షమే సమాధానము. 1943లో కలకత్తా వీథులలో జనులు ఆకలిచే రాలిపోవుచుండగా ప్రభుత్వము దుర్భిక్షమను మాటనే యొప్పుకొనలేదు. యుద్ధకాలపు కట్టుబాట్లు పత్రికల చేతులు గట్టినవి. అప్పుడు "స్టేట్స్‌మన్" పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆగస్టు 22వ తేదీన ఆ శవప్రాయుల ఛాయాచిత్రములను ప్రకటించెను. ఆ పత్రిక ఆంగ్లేయుల సొత్తు. మన జాతీయోద్యమమునకు మిత్రము గాదు. అయినను సత్యమును చెప్పినవాని ఋణము ఒప్పుకొనుట ధర్మము. ఆ చిత్రములు లోకమును గలచివైచినవి. కాని ఆయన చిత్రములతో నాగలేదు. తప్పు ఏ ప్రభుత్వముది, ఏ శాఖది, ధాన్యమును జేర్పవలసిన వారెవ్వరు అని సంపాదకీయములలో వదలక ప్రశ్నించెను. అక్టోబరులో వేవెల్ వైస్రాయిగ వచ్చి సహాయకార్యములకు సైన్యమును నియోగించెను. అప్పటికే లక్షలు గతించిరి. విచారణ సంఘము 1945లో మృతులు సుమారు 15 లక్షలని చెప్పగా, తరువాతి పండితులు అంతకంటె నెక్కువయే యనిరి. ఆ పత్రికలో చిత్రము సాక్ష్యముగ దాఖలైనది. విచారణ దానితో మొదలైనది. నేటి వార్తలో చిత్రముతోనే విచారణ ముగియుచున్నది. భేద మింతియే, కాని యిందు ప్రాణములు గలవు.

ఆర్థికశాస్త్రవేత్త అమర్త్యసేన్ ఈ విషయముననే యొక గొప్ప సత్యమును చూపినాడు. స్వతంత్ర పత్రికలును, ఎన్నికలును గల దేశమున మహాదుర్భిక్షములు రావు. కాని నిత్యమును కొంచెము కొంచెముగ దినుచుండు అర్ధాకలి అట్టి దేశములలోను నిలిచియుండును. దుర్భిక్షము కంటికి కనబడును, అర్ధాకలి కనబడదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మొదటిదానిని జయించితిమి. రెండవదానిని జయించుటకు కన్నులొక్కటియే చాలవు. లెక్కలును, జ్ఞాపకమును గావలెను.

ఇక కర్తవ్యమేమి? ప్రభుత్వము వార్తల నోరు నొక్కవలెనని నేననను. ఆ యధికార మొకపరి ఇచ్చినచో మూతలేని బోరును చూపినవాని నోరే మొదట మూయుదురు. గాలిలోని ప్రసార తరంగములు ప్రజల సొత్తని 1995లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. సొత్తు మనదైనప్పుడు దానిని గాచుకొను శ్రమయు మనదే. ఆ శ్రమకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. స్వాతంత్ర్యోద్యమ దినములలో మన పల్లె గ్రంథాలయములలో నొకరు పత్రిక చదువుచుండ పదిమంది వినెడివారు. నడుమ నడుమ ఆపి ప్రశ్నించెడివారు. "స్వరాజ్య" పత్రికలోని రచనకై 1908లో చెఱసాలకు బోయిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారే తరువాత గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు జీవితమును ధారవోసిరి. పత్రికయు పాఠకుడును గలిసి యెదుగవలెనని వా రెఱుగుదురు.

మా వృత్తిలో ప్రతి వ్యాజ్యమునకు ఒక వాయిదా తేదీ యుండును. ఆ తేదీ డైరీలో వ్రాసికొనని న్యాయవాది కక్షిదారుని ముంచును. వార్తకు వాయిదా లేదు; అందుచేతనే అది వినోదమగుచున్నది. మీ గ్రంథాలయమున నొక పుస్తకము పెట్టుడు. మన జిల్లాలో సంచలనము గలిగించిన ప్రతి వార్తను, ఆనాడు అధికారులు చేసిన వాగ్దానమును, దాని ప్రక్క ఆఱునెలల తరువాతి తేదీని వ్రాయుడు. ఆ తేదీ వచ్చినపుడు, జరిగినదేమో విచారించి ఆ పుస్తకముననే వ్రాసి, సభలో చదువుడు. వాగ్దానము చేసినవారికి దాని ప్రతిని బంపుడు. తమ మాటకు వాయిదా యున్నదని తెలిసిన నాయకుడు మాటలాడు తీరు మాఱును.

మొదటి వ్యాజ్యమును నేనే సూచించెదను. 2005 సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయలకు మించని రుసుముతో నొక దరఖాస్తు పెట్టుడు: మన మండలములో విడిచిన బోరుబావు లెన్ని? అందు పూడ్చిన వెన్ని? న్యాయస్థానము చెప్పిన లెక్కల పుస్తకము ఎవ్వరికడ నున్నది? ముప్పది దినములలో జవాబు రావలెను. ఈలోపల మీలో యువకులు ఇద్దరిద్దరుగ బోయి, ఊరిచుట్టునున్న పొలములలో మూతలేని బోర్లను స్వయముగ లెక్కించి, రైతుతో మాటలాడి, ఆ దినముననే దానిపై బరువైన బండయైన నెత్తుడు. మీ లెక్కను సర్కారు లెక్కతో సరిచూడుడు. ఈ పనిని చూచుటకు ఏ కెమెరాయు రాదు. రాకున్నను చేయుడు.